పాకం ఒకరిది, పానీయం ఎవరిది?

"నేనే చేశాను" అన్న మాటకు హద్దు ఎక్కడ? ఆవకాయ పెట్టిన ఇల్లాలు ఈ మాట అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. కారం మిల్లులో పట్టించింది. నూనె గానుగనుంచి తెప్పించింది. ఉప్పు ఏ సముద్రం ఒడ్డునో ఎవరో పండించారు. అయినా ఆవకాయ ఆవిడదే. అదే మనిషి కొట్లో అమ్మే పచ్చడి పొడి తెచ్చి, ముక్కలూ నూనే కలిపి జాడీకెత్తి "నేనే పెట్టాను" అంటే లోపల ఎక్కడో నవ్వు వస్తుంది. రెండింటిలోనూ పరాయి చేతుల పని ఉంది. మరి ఒకదాన్ని ఒప్పుకొని రెండోదానికి నవ్వడం ఎందుకు? గీత ఎక్కడుందో చూపించమంటే తడుముకుంటాం.

ఈ గీతను వెదకడానికి నేను తీసుకున్న ఉదాహరణ మన వంటింటిది కాదు. అమెరికాలో కొందరు ఇళ్ళలో తమకోసం తయారు చేసుకునే బీరుది. అందులోనూ హాప్స్ అనే చేదు పూగుత్తులు దండిగా వేసి చేసే ఏల్‌ది. ఏల్ అంటే పద్దెనిమిది ఇరవై డిగ్రీల వేడిలో పులిసే రకం బీరు. ఇంత దూరం పోవడం దేనికంటే, మనం మాటల్లో నాన్చే ఈ ప్రశ్నను వాళ్ళు గ్రాముల్లో తూచి మాట్లాడుకుంటారు.

ముందు వస్తువు సంగతి. మాల్టు మనకు కొత్తదేమీ కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి విసిరితే రాగి మాల్టు. బళ్ళారి వైపైనా, హోసూరు వైపైనా ఈ పని తెలిసిన పెద్దవాళ్ళు ఉన్నారు. బార్లీకి కూడా అంతే. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మార్చగలవు. మాల్టును నలగ్గొట్టి 65నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే ఆ మార్పు జరిగి తియ్యని నీరు దిగుతుంది. దాన్ని హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే పులిసి బీరు అవుతుంది.

ఇందులో మొదటి సగం పని ఫ్యాక్టరీలో జరిపించి, ఆ తియ్యని నీటిలోని నీటిని ఆవిరి చేసి, చిక్కని పాకంగానో పొడిగానో అమ్ముతారు. అదే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. చెరుకురసానికి బెల్లం ఎలాంటిదో, ఆ నీటికి ఈ పాకం అలాంటిది. ఇంట్లో చేసుకునేవాడు దీన్ని నీళ్ళలో కలుపుకుంటే గింజలు నానబెట్టే గంట మిగులుతుంది, పెద్ద పాత్రల ఖర్చు తప్పుతుంది. అయితే పాకం ఒక్కదానితో చేస్తే రుచి కొంత చప్పగా ఉంటుందని, దానికి తోడుగా కొన్ని ప్రత్యేకమైన గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టి ఆ రసం కలుపుతారు. పూర్తిగా పాకమూ కాదు, పూర్తిగా గింజలూ కాదు. ఈ నడిమి దారి మీదనే నా ప్రశ్న అంతా.

ఈ పాకానికి ఒక చరిత్ర ఉంది. 1920నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం ఉండేది. ఆ కాలంలో మాల్టు పాకం డబ్బాలు కిరాణా కొట్లలో రొట్టెలకోసమని అమ్ముడుపోయేవి. అన్ని రొట్టెలు ఎవరు తిన్నారో అందరికీ తెలుసు! నిషేధం పోయాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి చట్టం దారి ఇచ్చింది గాని బీరుకు ఇవ్వలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. ఇంట్లో వయసు వచ్చినవాడు ఒక్కడే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువ మందో ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండటంవల్ల అలబామా, మిసిసిపీలు 2013 దాకా ఒప్పుకోలేదు.

తెలుగు పత్రికలో మద్యం గురించి ఈ వివరమంతా ఏమిటని కొందరికి కోపం రావచ్చు. న్యాయమైన కోపమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుంచి లేచిన ఆడవాళ్ళ ఉద్యమాన్ని పక్కన పెట్టి తెలుగువాడెవడూ ఈ విషయం మాట్లాడకూడదు. వాళ్ళ పోరాటం మగవాడి కూలిడబ్బును ఊరి నడిబొడ్డున లాక్కునే సారా వ్యాపారం మీద. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. రెండోది 1997లో సడలిపోయింది. ఇంట్లో చేసుకుని అమ్మని బీరుకు ఆ వ్యాపార దోషం అంటదు. తాగుడు దోషం అంటకుండా పోతుందని నేను అనను. పైగా మనం ఉంటున్న రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చెయ్యడం నేరం. కనుక దీన్ని ఎవరూ వంటల శీర్షికగా చదవవద్దని మనవి. నాకు కావలసింది ఇందులోని కర్తృత్వం ప్రశ్న మాత్రమే.

ఆ ప్రశ్న నాకు ఎదురైంది 2023 వేసవిలో, ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఉంటున్న మా మేనల్లుడి ఇంట్లో. వాడు ఎవరి వంటకమో చూసి చెయ్యకుండా, తనే ఒక చేదు ఏల్‌కు లెక్క కట్టుకుంటున్నాడు. ఆ కాగితం ఎదుట రెండు సాయంత్రాలు కూర్చున్నాను. వంటకం రాయడమంటే ఇంకా నాలుక మీదికి రాని రుచిని ముందుగా అంకెల్లో ఊహించడమని అప్పుడే అర్థమైంది.

వాడికి కావలసింది 19 లీటర్లు. పులియకముందు చిక్కదనం 1055 ఉండాలి. పాలకు లాక్టోమీటరు వేసినట్టే దీనికి హైడ్రోమీటరు వేస్తారు. నీళ్ళకు 1000 చూపిస్తుంది, తీపి కరిగినకొద్దీ అంకె పైకి పోతుంది. కిలో పొడి పాకాన్ని పది లీటర్ల ద్రావణం చేస్తే దాదాపు 1037 వస్తుంది. ఆ లెక్కన 19 లీటర్లకు 2.7 కిలోల లేతరంగు పొడి వేస్తే 1052. మిగిలిన కొంచెం గింజలనుంచి రావాలి. గింజలు 340 గ్రాములు, క్రిస్టల్ మాల్టు. ఈ రకాన్ని తడిగా ఉన్నప్పుడే వేడి చేస్తారు కాబట్టి పొట్టు లోపలే పిండి చక్కెరగా మారి, తర్వాత ఎండి గాజుపలుకులా గట్టిపడుతుంది. అందుకని దీన్ని గుడ్డసంచిలో కట్టి 70 డిగ్రీల లోపు నీళ్ళలో అరగంట ముంచితే చాలు. మరీ వేడి నీళ్ళయితే పొట్టులోని వగరు దిగుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తీపిలో గింజల వాటా నూటికి అయిదు పాళ్ళు మాత్రమే. అయినా గ్లాసులో కనిపించే రాగిరంగు, నాలుకకు తగిలే మాడీ మాడని పంచదార రుచి చాలావరకు ఆ 340 గ్రాములవే. సాంబారు బరువులో ఇంగువ వాటా ఎంతని అడిగితే ఏం చెబుతాం?

తర్వాత చేదు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు నీళ్ళలో సరిగా కరగవు. మరిగేకొద్దీ రూపం మారి కరుగుతాయి, అప్పుడు చేదు దిగుతుంది. ఆ మరుగులోనే వాసన నూనెలు ఆవిరైపోతాయి. అంటే ఒకే పువ్వు ముందుగా వేస్తే చేదు, చివర వేస్తే వాసన. వాడు 12 శాతం ఆల్ఫా ఆమ్లాలున్న చినూక్ 28 గ్రాములు గంటసేపు మరిగించాలని రాశాడు. దాంతో చేదు కొలతలో 39 వస్తుందట. ఆఖరి పది నిమిషాలకు కాస్కేడ్ 28 గ్రాములు, దానివల్ల మరో ఏడు. పొయ్యి ఆర్పాక ఇంకో 28. పులుపు నెమ్మదించాక చల్లని బీరులోనే 56 గ్రాములు, నాలుగు రోజులు. ఈ చివరి రెండూ వాసనకే. మొత్తం 46. చేదు 46, చిక్కదనం 55. ఈ రెండింటి నిష్పత్తి చూసుకోవడం వాళ్ళలో ఒక అలవాటు. రే డేనియల్స్ 1996లో రాసిన పుస్తకంలో ఏ రకానికి ఎంత నిష్పత్తో పట్టికలు ఉన్నాయి. వాడు పట్టిక చూశాడు గాని పట్టికలోని అంకె తీసుకోలేదు. "మామయ్యా, మనకు కాకరకాయ అలవాటు కదా, కొంచెం పైకి పోయినా ఫర్వాలేదు" అన్నాడు. శాస్త్రం అంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తెలుగు నాలుక ఒకటి ఆ లెక్కలోకి వచ్చి చేరింది.

ఇంతలో వాడి స్నేహితుడు, అదే వీధిలో ఉండే అమెరికన్, కాగితం చూసి నవ్వాడు. అతను గింజలతోనే మొదలు పెట్టే రకం. "పాకం కలపడం బీరు చెయ్యడం కాదు, సూపు పొట్లం వేడి చెయ్యడం" అన్నాడట. మావాడు పైకి నవ్వేశాడు గాని రాత్రి భోజనాల దగ్గర నన్ను అడిగాడు. "నిజంగా ఇది నాది కాదంటావా మామయ్యా?"

"నువ్వు పాయసం చేస్తే చెరుకు ఆడావా అని అడుగుతానట్రా?" అన్నాను. అప్పటికి ఆ జవాబు సరిపోయింది. నాకే సరిపోలేదు.

ఎందుకంటే, మొదటినుంచీ చేశాననేవాడి మొదలు ఎక్కడ? ఆ స్నేహితుడు బార్లీ పండించలేదు. మొలకెత్తించలేదు. మాల్టు కొన్నాడు. ఈస్టు ప్రయోగశాలనుంచి పొట్లంలో వచ్చింది. ఇద్దరూ వాడే కాస్కేడ్ హాప్స్ సంగతి చూడండి. ఆ ఒరెగాన్‌లోనే, కొర్వాలిస్‌లో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు ఇంగ్లండు ఫగుల్ రకం, రష్యా రకం కలిసిన వంశంనుంచి 1956లో సేకరించిన విత్తనంతో మొదలుపెట్టి, 1972లో గాని దాన్ని రైతులకు విడుదల చెయ్యలేదు. పదహారేళ్ళ పని. అది పట్టుకునే అక్కడి చిన్న బీరు కంపెనీలు పైకి వచ్చాయి. సియెర్రా నెవాడా వారి పేల్ ఏల్‌లో నిమ్మజాతి వాసన దీనిదే. ప్రజల సొమ్ముతో పుట్టిన మొక్క కనుక ఎవరైనా నాటుకోవచ్చు. తర్వాత వచ్చిన సిట్రా వంటివి సొంతదారుల అనుమతి లేనిదే నాటడానికి లేదు. కాస్కేడ్ వాసన తన ప్రతిభ అని చెప్పుకునే ప్రతి ఇంటి బీరుకారుడూ పేరు తెలియని ఆ పరిశోధకుల కష్టం మీద నిలబడి మాట్లాడుతున్నాడు.

శుద్ధి గురించి పట్టుబట్టేవాళ్ళకు 1516నాటి బవేరియా శాసనం ఒక మంచి పాఠం. బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ కూడదన్నది. అసలు బీరును చేసే ఈస్టు మాట అందులో లేదు. అది ప్రాణి అనీ, పని అంతా దానిదేననీ అప్పటికి తెలియదు. పాశ్చర్ బీరు మీద పుస్తకం వేసింది 1876లో. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే రకం ఈస్టును వేరుచేసి పెంచింది 1883లో. పనివాడి పేరు లేకుండా పనికి శుద్ధి నియమాలు రాసిన శాసనం అది. మన ఇళ్ళలోనూ, ఊళ్ళలోనూ ఇలాంటి శాసనాలు లేవా?

చెమట కలిసిన చోట సొంతం అన్నాడు పదిహేడవ శతాబ్దపు ఇంగ్లీషు తాత్వికుడు జాన్ లాక్. బాగానే ఉంది. కానీ తన నౌకరు కోసిన గడ్డిచెక్కలు కూడా తనవేనని అదే ఊపులో లెక్కవేసుకున్నాడు. ఆ లెక్కన ఈస్టు మన నౌకరు, ఫ్యాక్టరీ మన నౌకరు, అంతా మనదే! 1974లో నోజిక్ అనే అమెరికన్ దీన్ని తిప్పి అడిగాడు. ఒక డబ్బా టమాటా రసం సముద్రంలో పోస్తే సముద్రం నాదవుతుందా, రసం పోగొట్టుకున్నవాణ్ణి అవుతానా అని. 340 గ్రాముల గింజలు కలిపినవాడికీ ఈ ప్రశ్న తగులుతుంది. చెమటను తూచి పోతే తేలదు.

నాకు ఇంతకంటే పనికివచ్చింది మన అన్నంభట్టు. తెలుగుదేశంనుంచి కాశీ చేరాడని చెప్పే పదిహేడవ శతాబ్దపు పండితుడు. కాశీకి వెళ్ళినంతమాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని ఒక నానుడి కూడా ఉంది. తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో, కర్త అనిపించుకోవాలంటే మూడు ఉండాలంటాడు. చేసే వస్తువుకు ఉపాదానమైనదాన్ని గురించిన ప్రత్యక్షజ్ఞానం. చెయ్యాలన్న కోరిక. ప్రయత్నం. ఆయన చెబుతున్నది జగత్కర్త అయిన ఈశ్వరుణ్ణి గురించి. బీరు గ్లాసు పక్కన పెట్టినందుకు తార్కికులు క్షమించాలి.

ఈ మూడింటినీ పెట్టి చూస్తే విషయం విడివడుతుంది. హాప్స్ కూడా ముందే కలిపి, మూత కింద ఈస్టు పొట్లం అంటించి అమ్మే డబ్బాలు ఉన్నాయి. వేడినీళ్ళు పోసి కలపడమే. అక్కడ కోరిక ఉంది, ప్రయత్నం ఉంది, ఉపాదానం గురించి తెలిసింది ఏమీ లేదు. చేదు ఎంతో ఇంకెవరో నిర్ణయించారు. మావాడు అలా కాదు. గింజను పళ్ళ కింద నలిపి చూశాడు. హాప్స్ అరచేతుల్లో రుద్ది వాసన చూశాడు. చేదుకు, వాసనకు, రంగుకు వాడు కర్త. "ఎందుకింత?" అని అడిగితే జవాబు చెప్పగలడు.

పాకం దగ్గర మాత్రం వాడి జ్ఞానం ఆగిపోతుంది. సంచి మీద "లేత రంగు" అని ఉంది. ఏయే గింజలు ఎన్ని పాళ్ళు, ఎన్ని డిగ్రీల దగ్గర నానబెట్టారు అన్నది ఆ సంచి మీద లేదు. దానివల్ల తేడా వస్తుంది. 65 దగ్గర నానితే ఎక్కువగా పులిసి బీరు పలచగా, పొడిగా ఉంటుంది. 68కి పోతే పులియని చక్కెర మిగిలి చిక్కగా ఉంటుంది. వాడి బీరు 1012 దగ్గర ఆగుతుందో, 1015 దగ్గర ఆగుతుందో నిర్ణయించే అధికారంలో పెద్ద వాటా ఫ్యాక్టరీది. ఆగిన తర్వాత అంకె చూసి పాకం స్వభావం తెలుసుకోవాలి. పొగను చూసి నిప్పును తెలుసుకోవడం లాంటిది. అది అనుమానం, ప్రత్యక్షం కాదు. కనుక స్నేహితుడి ఎగతాళిలో నిజం ఉంది. గింజలనుంచి మొదలుపెట్టేవాడి చేతిలో ఉన్న మీట ఒకటి మావాడి చేతిలో లేదు.

కానీ ఆ స్నేహితుడు చేసేది ఎవరో అచ్చు వేసిన వంటకాన్ని గ్రాము తప్పకుండా. 65 అని ఉంటే 65. ఎందుకని అడిగితే పుస్తకంలో ఉందంటాడు. మీట చేతిలో ఉంది, దాన్ని తిప్పే బుద్ధి ఇంకొకరిది. ఒకరిది మొత్తం శ్రమ, అరువు తెచ్చుకున్న ఆలోచన. ఇంకొకరిది సగం శ్రమ, సొంత ఆలోచన. ఎవరు ఎక్కువ కర్త? కాశీకి వెళ్ళినంతమాత్రాన అన్నట్టుగా, గింజలు నానబెట్టినంతమాత్రాన అని నాకు అనిపిస్తుంది. స్నేహితుణ్ణి మంచి వంటవాడంటాను. ఆ పానీయానికి రచయిత అనడానికి నోరు రాదు. దీనివల్ల వంటవాడు తక్కువవాడని కాదు. ఒకే వంటకాన్ని పదిసార్లు ఒకేలా చెయ్యగలగడం ఎంత కష్టమో హోటలు నడిపినవాణ్ణి అడగాలి. మరో రకం మనుషులున్నారు. ఎవరిదో వంటకం తీసుకుని, ఒక హాప్ పేరు మార్చి, తమ పేరు పెట్టుకుంటారు. వాళ్ళకంటే పుస్తకం చూసి చేశానని ఒప్పుకునే ఆ స్నేహితుడు నయం.

డబ్బిచ్చి కొన్నాం కదా, ఇంకా ఋణం ఏమిటి అనవచ్చు. బెల్లానికి ఆ మాట చెల్లుతుంది. డబ్బిచ్చి రాయించుకున్న కవితకు చెల్లదు. బెల్లం వండినవాడు మన పాయసం ఎలా ఉండాలో నిర్ణయించి పంపడు. అది ఎన్నింటికో పనికివచ్చే ముడిసరుకు. రాయించుకున్న కవిత ముగింపుతో సహా వస్తుంది. పచ్చడి పొడికి మనం నవ్వేది ఇందుకే. ఎంత కారం, ఎంత ఉప్పు అన్న తుది తీర్పు అందులో ముందే ఉంది. ఆవకాయ పెట్టే ఇల్లాలికి కారం వచ్చింది మిల్లునుంచే గాని, ఎంత అన్నది ఆవిడ చెయ్యి చెప్పింది. కాకపోతే ముడిసరుకులోనూ కొంత తీర్పు దాగి వస్తుంది. బెల్లం నల్లదైతే పాయసం రంగు మన ఇష్టం కాదు. ఆ దాగివచ్చిన పాలు ఎంతో తెలుసుకుని, తెలిసినమేరకు చెప్పడం చేసినవాడి బాధ్యత అనుకుంటాను.

ఈ పత్రిక పాఠకులకు ఇది బీరు సంగతిగా మాత్రమే వినిపించదు. హోసూరులోనో, బరంపురంలోనో, సోలాపురంలోనో పుట్టినవాడికి రాత తెలుగు చాలావరకు బయటినుంచి వచ్చిన పాకమే. పాఠ్యపుస్తకాలు, సినిమాలు, వారపత్రికలు అక్కడ తయారై ఇక్కడికి వచ్చాయి. ఇంట్లో నాయనమ్మ మాట్లాడిన తెలుగు, కన్నడమో ఒడియానో అరవమో తగిలిన తెలుగు, సంచిలో కట్టిన గుప్పెడు గింజలు. అక్కడి చుట్టాలు వచ్చి "మీది అసలు తెలుగేనా?" అంటే మనం ఆ గింజల్ని దాచుకుని పాకం ఒక్కటే వడ్డిస్తాం. తప్పులు లేని వాక్యం వస్తుంది. ఎవరిదైనా కాగల వాక్యం. అలాగని గింజలే అసలు, పాకం పరాయిది అని విదిలించుకునేవాళ్ళ మాటా నాకు నచ్చదు. ఆ పాకం లేకపోతే మనలో చాలామందికి ఈ పత్రిక చదవడం వచ్చేదే కాదు. పోలికను ఇంతకంటే లాగను. భాషను 19 లీటర్లకు కొలవలేం.

మావాడి బీరు 1014 దగ్గర ఆగింది. అయిదున్నర శాతం లోపు మద్యం. సీసాల్లో పట్టి రెండు వారాలు ఉంచాక నేను రుచి చూసింది రెండు గుక్కలు. ముందు నారింజ తొక్క వాసన, తర్వాత మాడిన చక్కెర, చివర చేదు. ఆ చేదు కాకరకాయలా కాక వేపపువ్వులా ఉందని చెప్పాను. తీపి కొంచెం ఎక్కువైందన్నది వాడి ఫిర్యాదు. తర్వాతి విడతకు క్రిస్టల్ 225 గ్రాములకు తగ్గించి, కిలో మామూలు మాల్టును గంటసేపు 65 డిగ్రీల దగ్గర తనే నానబెట్టి, పొడి పాకాన్ని 2.1 కిలోలకు దించుతూ లెక్క తిరగ రాశాడు. స్నేహితుడి దగ్గర గంజిపాత్ర అరువు అడిగాడట.

సీసాలకు చీటీలు అంటించాడు. పాకం ఏ కంపెనీదో, ఈస్టు ఏదో, గింజలు ఎన్నో, కింద "లెక్క నాది" అని. కాస్కేడ్ పక్కన కొర్వాలిస్ పరిశోధకుల మాట కూడా రాద్దామనుకున్నాడు గాని చీటీలో చోటు చాలలేదని ఫోనులో చెప్పాడు.